సొంత ఊరు చెప్పాక మారిపోయిన ఎంక్వయిరీ: నా అనుభవం

మేం ఎరుకల వాళ్ళం, ఎస్టీలం. మా నాన్నది స్టువర్టుపురం. నేను పుట్టింది, చదివింది, ఇప్పుడు ఒక ప్రైవేటు స్కూల్లో సోషల్ చెప్తున్నది అంతా గుంటూరులోనే. తమ్ముడు ఐటీఐ చేసి ఏసీ మెకానిక్ అయ్యాడు. నాన్న పోయాక అమ్మ, నేను, వాడు కొరిటెపాడులో ఉంటున్నాం. 2025 ఎండాకాలంలో ఒక దొంగతనం కేసులో వాణ్ణి స్టేషన్‌కి పిలిచారు. అక్కడ మొదలుపెట్టి, ఫిర్యాదు ఇచ్చి, విచారణకు వెళ్ళి, చేతిలో కాగితం పడేదాకా జరిగింది రాస్తున్నాను. మా చుట్టాల్లో చాలామందికి ఇలాంటి ఫోన్లు వచ్చాయి. వెళ్ళారు, కింద కూర్చున్నారు, మాటలు పడ్డారు, ఇంటికొచ్చి ఎవరితోనూ చెప్పుకోలేదు. వాళ్ళకోసం రాస్తున్నాను. ఆ స్టేషన్ ఏదో, ఆ ఎస్సై ఎవరో రాయడం లేదు. కొంత విచారణ ఇంకా నడుస్తోంది.

ఊళ్ళో ఒక అపార్ట్‌మెంట్‌లో ఒక కుటుంబం పెళ్ళికి వెళ్ళొచ్చేసరికి బీరువాలో బంగారం లేదు. అంతకు కొన్నాళ్ళ ముందు ఆ ఇంట్లో ఏసీ సర్వీసింగ్ చేసింది మా తమ్ముడు. కాబట్టి వాణ్ణి పిలవడం తప్పని నేను అనను. ఇంట్లోకి వచ్చివెళ్ళిన వాళ్ళందర్నీ అడగాలి. పనిమనిషిని, పాలబ్బాయిని, వాచ్‌మన్‌ని, మెకానిక్‌ని, చుట్టాలను కూడా. అది పోలీసుల పని.

ఒక కానిస్టేబుల్ ఫోన్ చేసి, "ఒకసారి స్టేషన్‌కి వచ్చి పో, సార్ మాట్లాడాలంట" అన్నాడు. తమ్ముడు పని మధ్యలో ఆపేసి, టూల్ బ్యాగుతోనే వెళ్ళాడు. వాడు చెప్పినదాని ప్రకారం మొదట అంతా మామూలుగానే ఉంది. బెంచీ మీద కూర్చోమన్నారు. ఎస్సై పేరు, ఫోన్ నంబరు, ఎన్నాళ్ళుగా ఈ పని చేస్తున్నావు అని అడిగి రాసుకున్నాడు. తర్వాత "సొంత ఊరు?" అన్నాడు. గుంటూరే సార్ అన్నాడు వీడు. "అది కాదు, అసలు ఊరు. మీ నాన్నది." స్టువర్టుపురం అని చెప్పాడు.

అక్కడితో రాయడం ఆగింది. ఎస్సై పక్కనున్న రైటర్ (స్టేషన్లో రాతపని చూసే పోలీసు) వైపు చూశాడు. కాగితం తిప్పి, ఆ వెనక పేజీలో ఊరి పేరు పెద్దక్షరాలతో రాసి, కింద రెండు గీతలు గీశాడు. "లేరా బెంచీ మీంచి" అన్నాడు. ఫోన్ తీసుకున్నారు. వేలిముద్రల మిషన్ తెప్పించి పది వేళ్ళూ పెట్టించారు. పాత నేరస్థుల ముద్రల్లో వాడివి ఎక్కడా లేవు. అయినా పంపలేదు. "స్టువర్టుపురం వాడివి ఏసీలు బాగుచేస్తున్నావా, ఇళ్ళు చూసిపెట్టుకుంటున్నావా?" అన్నాడట. కులం పేరు పెట్టి తిట్టిన తిట్టు ఇక్కడ రాయను. విచారణలో మాత్రం అక్షరం పొల్లు పోకుండా చెప్పాను.

చీకటి పడినా వాడు రాలేదు, ఫోన్ స్విచాఫ్. వాడి తోటి మెకానిక్ వచ్చి సంగతి చెప్పాక, మా స్కూల్ లెక్కల మాష్టారిని తోడు తీసుకుని నేనే స్టేషన్‌కి వెళ్ళాను. తమ్ముడు గోడకానుకుని నేల మీద కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి తల దించుకున్నాడు. వాడేమీ చేయలేదు, అయినా తల దించుకున్నాడు. ఆ క్షణంలో నాకొచ్చిన కోపం ఇప్పటికీ తగ్గలేదు.

"సార్, వీణ్ణి అరెస్ట్ చేశారా?" అని అడిగాను.

"అరెస్టేం కాదమ్మా, ఊరికే ఎంక్వయిరీ."

"వీడి మీద ఇంతకుముందు ఏదైనా కేసుందా సార్?"

"వీడి మీద లేదు. మీ ఊరి మీద ఉంది. టీచరమ్మవి కాబట్టి చెప్తున్నా, మీ వాళ్ళ రికార్డు మాకు తెలుసు. మీ ఇంట్లో ఎవరి మీదైనా కేడీ షీట్ ఉండేదా?"

కేడీ షీట్ అంటే పాత నేరస్థుడని మనిషి మీద పోలీసులు తెరిచి ఉంచే రికార్డు. మా తాత మీద ఉండేది. ఆ సంగతి నాకు చిన్నప్పటినుంచీ తెలుసు. కానీ ఆ షీట్ ఎలా వచ్చిందో కూడా తెలుసు. 1871లో తెల్లవాళ్ళు క్రిమినల్ ట్రైబ్స్ చట్టం తెచ్చారు. కొన్ని కులాల్లో పుట్టిన వాళ్ళంతా పుట్టుకతోనే నేరస్థులని దాని లెక్క. 1911లో దాన్ని మళ్ళీ రాసి మద్రాసు ప్రెసిడెన్సీకి కూడా వర్తింపజేశారు. ఆ తర్వాత వచ్చినవే బాపట్ల దగ్గర స్టువర్టుపురం, విజయవాడకు కృష్ణ అవతలి ఒడ్డున సీతానగరం సెటిల్మెంట్లు. వాటిని రక్షణ సైన్యం (సాల్వేషన్ ఆర్మీ) అనే క్రైస్తవ సంస్థ చేతికి అప్పగించారు. మద్రాసు ప్రభుత్వంలో ఉన్న హెరాల్డ్ స్టువర్ట్ అనే అధికారి పేరే మా ఊరికి పెట్టారు. సెటిల్మెంట్లో మనిషి హాజరు వేయించుకోవాలి, ఊరు దాటాలంటే పాసు కావాలి. బుట్టలల్లుకుని, పందుల్ని మేపుకుని, సోది చెప్పుకుని ఊరూరా తిరిగి బతికే జనానికి తిరగడమే నేరమైంది. 1952 ఆగస్టు 31న ఆ చట్టం దేశమంతటా రద్దయింది. అందుకే మమ్మల్ని విముక్త జాతులంటారు. మా ఊళ్ళో దొంగతనాలు చేసిన వాళ్ళు లేరని నేను చెప్పను. ఉన్నారు, శిక్షలూ పడ్డాయి. 1970ల్లో విజయవాడ నాస్తిక కేంద్రం నుంచి లవణం గారు, హేమలత గారు వచ్చి ఆ కుటుంబాల మధ్యే పనిచేశారు. చాలామంది ఆ దారి మానేసి పిల్లల్ని చదివించుకున్నారు. మా నాన్న ఆ చదువుకున్న పిల్లల్లో ఒకడు. సినిమా వాళ్ళకి మాత్రం మా ఊళ్ళో దొంగలే కనపడ్డారు. మాలో పంతుళ్ళున్నారు, నర్సులున్నారు, రైల్వేలో పనిచేసేవాళ్ళున్నారు.

ఇదంతా ఎస్సైకి ఆ రాత్రి చెప్పలేదు. మా స్కూల్లో చదివే ఒక పాప నాన్నగారు లాయరు. బయటికి వచ్చి ఆయనకి ఫోన్ చేశాను. ఆయన ఒకటే చెప్పాడు: "వాదించొద్దమ్మా. కాగితం అడుగు, కాగితం ఇయ్యి." అనుమానితుడిగా పిలిచారంటే బీఎన్ఎస్ఎస్ (సీఆర్పీసీ బదులు వచ్చిన కొత్త చట్టం) 35(3) కింద నోటీసు ఇవ్వాలి. అందరూ ఇప్పటికీ 41ఏ నోటీసు అనే అంటారు, 2024 జులై 1 నుంచి నంబరు మారింది. సాక్షిగా పిలవాలన్నా 179 కింద రాతపూర్వకంగానే పిలవాలి. అరెస్ట్ చేస్తే ఎందుకో చెప్పాలి, ఇంట్లోవాళ్ళకి తెలపాలి, 24 గంటల్లో మేజిస్ట్రేట్ ముందు పెట్టాలి. ఈ మూడింట్లో దేని కిందకీ రాకుండా మనిషిని కూర్చోబెట్టే అధికారం ఏ స్టేషన్‌కీ లేదు. 1996లో డీకే బసు కేసులో సుప్రీంకోర్టు అరెస్టు విషయంలో పోలీసులు ఏమేం పాటించాలో వరసగా రాసిపెట్టింది. "ఊరికే ఎంక్వయిరీ" అనే మాట అందులో లేదు.

మాష్టారి పుస్తకంలోంచి తెల్లకాగితం చింపి, అక్కడే మెట్ల మీద కూర్చుని అర్జీ రాశాను. తమ్ముడు ఎప్పుడు వచ్చాడో, ఎవరు ఫోన్ చేశారో, ఏ నోటీసూ ఇవ్వలేదని, ఫోన్ తీసుకున్నారని, రసీదు ఇవ్వలేదని రాశాను. రైటర్ తీసుకోనన్నాడు. "ఇవన్నీ ఎందుకమ్మా, పొద్దున్నే పంపిస్తాంగా" అన్నాడు. ఫోటో తీసి జిల్లా ఎస్పీగారి వాట్సాప్ నంబరుకీ, మెయిల్‌కీ పంపి, "పంపాను సార్" అని ఎస్సైకి చెప్పాను. కాసేపటికి లోపల ఫోన్ మోగింది. ఎవరు చేశారో నాకు తెలియదు. తర్వాత తమ్ముణ్ణి తీసుకెళ్ళమన్నారు. "రేపు మీ అమ్మని కూడా తీసుకురా" అన్నాడు ఎస్సై. ఆడవాళ్ళని స్టేషన్‌కి పిలవకూడదు, అడగాల్సింది ఉంటే ఇంటికొచ్చి అడగాలని అదే 179లో ఉందని లాయరుగారు ముందే చెప్పి ఉన్నారు. ఆ మాటే చెప్పాను. ఆయన జవాబివ్వలేదు. అమ్మ జోలికి మళ్ళీ రాలేదు.

మర్నాడు ఒక హెడ్ కానిస్టేబుల్ ఇంటికొచ్చి నోటీసు ఇచ్చాడు. క్రైమ్ నంబరు, సెక్షన్లు, ఎప్పుడు ఎక్కడికి రావాలో అన్నీ ఉన్నాయి. ఆయన చెప్పులు బయట విప్పి లోపలికి వచ్చి, అమ్మ ఇచ్చిన మంచినీళ్ళు తాగి, "భయపడకండమ్మా, ఈసారి సీఐగారు చూస్తారు" అన్నాడు.

క్రైమ్ విభాగం సీఐ తమ్ముణ్ణి అడిగిన తీరు నేను పక్కనే ఉండి చూశాను. కుర్చీ వేయించాడు. ఏ గదిలో ఏసీ చేశారు? బీరువా ఉన్న గదిలోకి వెళ్ళారా? అప్పుడు ఇంట్లో ఎవరెవరున్నారు? తాళం ఎక్కడ పెడతారో మీ కంటపడిందా? బిల్లు ఎలా తీసుకున్నారు, నగదా, ఫోన్‌పేనా? వాళ్ళు ఊరు వెళ్తున్నట్టు మీతో ఎవరైనా అన్నారా? ఆ రాత్రి ఎక్కడున్నారు? ముందురోజంతా కూర్చోబెట్టి ఈ చివరి ప్రశ్న ఎవరూ అడగలేదు.

ఆ రాత్రి వాడు చిలకలూరిపేట రోడ్డులో ఒక మిర్చి కోల్డ్ స్టోరేజీలో ఉన్నాడు. మిర్చి సీజన్లో గుంటూరు చుట్టుపక్కల కోల్డ్ స్టోరేజీలు బస్తాలతో నిండిపోతాయి. చల్లదనం తగ్గితే సరుకు పాడవుతుంది, అందుకని రాత్రిపూట రిపేరుకి మెకానిక్‌లను పిలుస్తారు. లోపలికి వెళ్ళే ప్రతి మనిషి పేరూ, బండి నంబరూ, వచ్చిన టైమూ, పోయిన టైమూ గేటు దగ్గర రిజిస్టర్లో రాస్తారు. సీఐ ఒక కానిస్టేబుల్‌ని పంపి ఆ పేజీ ఫోటో తెప్పించాడు. వాడి సంతకం ఉంది, వచ్చింది రాత్రి, పోయింది తెల్లవారుజామున. "సరే, మీరు వెళ్ళొచ్చు. అవసరమైతే మళ్ళీ నోటీసు ఇస్తాం" అన్నాడు. ఫోన్ తిరిగి ఇచ్చి సంతకం తీసుకున్నాడు. సొంత ఊరు ఏదని అడగనే లేదు. కేసుకి దానితో పని లేదు కాబట్టి అడగలేదు. నోటీసు, కుర్చీ, జరిగిన పని గురించి వరస ప్రశ్నలు, చెప్పింది నిజమో కాదో చూడటానికి ఒక మనిషిని పంపడం, ఇవే కదా పోలీసు పని అంటే! అదే డిపార్ట్‌మెంట్‌లో, అదే కేసులో, ముందురోజు ఇవేవీ జరగలేదు.

ఇంటికొచ్చాక తమ్ముడు "వదిలెయ్ అక్కా" అన్నాడు. ఈ ఊళ్ళోనే పని చేసుకోవాలి, ఇళ్ళల్లోకి వెళ్ళాలి, పేరు బయటికొస్తే ఎవరు పిలుస్తారు అని వాడి టెన్షన్. ఎస్సీ, ఎస్టీ అట్రాసిటీ చట్టం కింద కేసు పెట్టాలని నాకు గట్టిగా ఉంది. జనం చూస్తుండగా కులం పేరుతో తిడితే 1989 చట్టంలో అది నేరమే, దర్యాప్తు డీఎస్పీ స్థాయి అధికారి చేయాలి. కానీ పడినవాడు వాడు. వాడు వద్దంటే నేను బలవంతపెట్టలేను. చాలా మాట్లాడుకున్నాక ఒక ఒప్పందానికి వచ్చాం: క్రిమినల్ కేసు ఇప్పుడే వద్దు, శాఖాపరంగా ఫిర్యాదు మాత్రం ఇద్దాం, దానికి ముందుండేది నేను. ఇందులో న్యాయం సగమే జరుగుతుందని నాకు తెలుసు. కానీ బాధపడ్డ మనిషి పొట్టకూటిని పణంగా పెట్టి పూర్తి న్యాయం అడిగే హక్కు నాకు లేదనుకున్నాను.

సోమవారం జిల్లా పోలీసు కార్యాలయంలో అర్జీలు తీసుకుంటారు. ఆ కార్యక్రమాన్ని ఇంతకుముందు స్పందన అన్నారు, ఇప్పుడు పీజీఆర్ఎస్ అంటున్నారు. స్కూల్లో సెలవు పెట్టి వెళ్ళాను. చాలామంది ఆడవాళ్ళే, ఎక్కువ స్థలం తగాదాలు, భర్తల మీద ఫిర్యాదులు. అర్జీలో తిట్టిన మాటల కన్నా ముందు రాతలో దొరికేవి పెట్టాను: నోటీసు లేదు, ఫోన్ తీసుకున్న రసీదు లేదు, నా అర్జీ తీసుకోలేదు. ఆ తర్వాత కులదూషణ. చివర రెండు కోరికలు. ఒకటి, ఆ రోజు స్టేషన్ సీసీ కెమెరా రికార్డింగు చెరిపేయకుండా భద్రపరచాలి. 2020 డిసెంబరులో పరంవీర్ సింగ్ సైనీ కేసులో సుప్రీంకోర్టు అన్ని స్టేషన్లలోనూ కెమెరాలు పెట్టాలని, బొమ్మతో పాటు మాట కూడా రికార్డవ్వాలని, 18 నెలలు దాచాలని చెప్పింది. రెండోది నాకు అన్నిటికన్నా ముఖ్యం: మా తమ్ముడి పేరు మీద సస్పెక్ట్ షీట్‌గానీ హిస్టరీ షీట్‌గానీ తెరిచారో లేదో రాతపూర్వకంగా చెప్పాలి.

షీట్ అంటే ఏమిటో అనుభవించిన ఇంట్లో పుట్టాను కాబట్టి ఆ రెండోది అడిగాను. ఒకసారి తెరిస్తే ఊళ్ళో ఎక్కడ తాళం పగిలినా ఆ మనిషి ఇంటి తలుపు కొడతారు. మా తాత ముసలితనంలో కూడా రాత్రి కుక్క మొరిగితే లేచి కూర్చునేవాడని అమ్మ చెబుతుంది. 2024 మే 7న అమానతుల్లా ఖాన్ కేసులో సుప్రీంకోర్టు, వెనకబడిన వర్గాల్లో పుట్టారన్న కారణంతో అమాయకుల పేర్లు యాంత్రికంగా హిస్టరీ షీట్లలోకి ఎక్కకూడదని చెప్పింది. అదే ఏడాది అక్టోబరు 3న సుకన్యా శాంత కేసులో ఇంకా నేరుగా చెప్పింది: విముక్త జాతుల వాళ్ళని ఇష్టమొచ్చినట్టు అరెస్టు చేయకుండా పోలీసులు ఆ అమానతుల్లా ఖాన్ తీర్పునూ, అనవసరంగా అరెస్టులు చేయొద్దన్న 2014 నాటి అర్నేష్ కుమార్ తీర్పునూ పాటించాలని. జైలు రిజిస్టర్లలో కులం గడినే తీసేయమంది. ఈ రెండు తీర్పుల పేర్లూ తేదీలూ అర్జీలో రాశాను. మీరూ రాయండి. అర్జీ చదివే అధికారి మొహంలో తేడా నేను చూశాను.

విచారణకు ఒక డీఎస్పీని వేశారు. ఆయన దగ్గర కూడా మర్యాదగానే జరిగింది, కానీ వాంగ్మూలం రాసిన క్లర్కు మొదటి వాక్యమే "స్టువర్టుపురానికి చెందిన ఎరుకల కులస్థుడైన ఫలానా" అని టైపు చేశాడు. సంతకం పెట్టే ముందు మొత్తం చదువుతానన్నాను. చదివి, వాడి చిరునామా కొరిటెపాడు, ఆధార్‌లో ఉన్నది అదే, ముందు అది రాయండి. కులం, ఊరు దూషణ జరిగిన చోట రాయండి అన్నాను. క్లర్కు విసుక్కున్నాడు. డీఎస్పీ "మార్చు" అన్నాడు. కొత్త ప్రింటు తీశాక సంతకం పెట్టాం. ఈ చిన్న పని కోసం ఎంతసేపైనా కూర్చోండి. రేపు ఆ ఫైలు తెరిచే ప్రతి అధికారీ మొట్టమొదట చదివేది ఆ వాక్యమే.

ఆ రోజే ఇంకో సంగతి తెలిసింది. అపార్ట్‌మెంట్ ఎదురుగా మందుల షాపుంది, దానికి కెమెరా ఉంది, గేటు మొత్తం కనిపిస్తుంది. మొదటి రోజుల్లో ఆ ఫుటేజీ ఎవరూ తీసుకోలేదు. సీఐ మనిషిని పంపేసరికి పాతది చెరిగిపోయి దాని మీద కొత్తది ఎక్కేసింది. షాపుల కెమెరాలు కొద్ది రోజులే దాచుకుంటాయి, అది పోలీసులకి తెలియనిది కాదు. ఆ రోజుల్లో వాళ్ళు మా తమ్ముడి ఊరి పేరు కింద గీతలు గీస్తూ కూర్చున్నారు. దొంగ ఇప్పటికీ దొరకలేదు. బంగారం పోయిన ఆవిడని నేను కలిశాను. కూతురి పెళ్ళికని ఏళ్ళ తరబడి కొని పెట్టుకున్న నగలు. ఆవిడ మా తమ్ముణ్ణి అనుమానించలేదు కూడా, "మెకానిక్ అబ్బాయి వచ్చాడని పేరు చెప్పానమ్మా, అంతే" అని ఏడ్చింది. కులం చూసి దొంగని వెతికితే నష్టపోయేది మేమొక్కళ్ళమే కాదు. ఆవిడ కూడా ఈ అన్యాయానికి బాధితురాలే, ఆవిడ తరఫున కూడా నాకు కోపం ఉంది.

జవాబు వచ్చింది. నోటీసు లేకుండా పిలిపించి కూర్చోబెట్టినట్టు, ఫోన్‌కి రసీదు ఇవ్వనట్టు తేలిందని, సంబంధిత అధికారికి ఛార్జ్ మెమో (తప్పు చూపి సంజాయిషీ అడిగే శాఖాపరమైన కాగితం) ఇచ్చామని రాశారు. కులదూషణకు మాత్రం ఆధారాలు లేవట. ఆ గదిలో కెమెరాకి మాట రికార్డవదట. అందుకే ఆ ఒక్క అంశం మీద, సుప్రీంకోర్టు చెప్పినా ఆడియో ఎందుకు లేదని అడుగుతూ, రాజ్యాంగం 338ఏ కింద ఏర్పాటైన జాతీయ ఎస్టీ కమిషన్‌కి అర్జీ పంపాను. ఈసారి తమ్ముడు కూడా సంతకం పెట్టాడు. అడగకుండానే పెట్టాడు.

ఆ జవాబు చివరి పేరాలో, నేను కోరిన రెండో విషయం ఉంది: మీ సోదరుని పేరు మీద ఏ షీటూ తెరవలేదు. గుండ్రటి ముద్ర, కింద సంతకం. దాని కాపీలు తీయించి ఒకటి వాడి టూల్ బ్యాగులో, ఒకటి నా దగ్గర, ఒకటి లాయరుగారి దగ్గర పెట్టాను.

ఎవరికైనా ఇలాంటి ఫోన్ వస్తే, ఒంటరిగా వెళ్ళకండి, నోటీసు అడగండి. లాయరుని పెట్టుకునే స్తోమత లేకపోతే జిల్లా కోర్టు దగ్గర న్యాయ సేవాధికార సంస్థకి వెళ్ళండి, లేదా 15100కి ఫోన్ చేయండి. ఎస్సీ, ఎస్టీలకూ, ఆడవాళ్ళకూ, కస్టడీలో ఉన్నవాళ్ళకూ ఆదాయంతో పని లేకుండా ఉచితంగా లాయరుని ఇస్తారు. కులం పేరుతో వేధిస్తే 14566 ఉంది. నాకు ఆ రాత్రి ఈ రెండు నంబర్లూ తెలియవు, తెలిసి ఉంటే స్టేషన్ మెట్లెక్కే ముందే చేసేదాన్ని.